ట్రిప్‌లో ఉండగా ఆడిషన్ వస్తే: హోటల్ గదిలో సెల్ఫ్ టేప్

ఆడిషన్‌కి ఒక పాడు అలవాటుంది. నెలంతా ఇంట్లో ఖాళీగా కూర్చున్నా రాదు. కుటుంబమంతా సామాన్లు సర్దుకుని బయల్దేరాక వస్తుంది. రెండు సీన్లు, నాలుగు పేజీలు, రేపు సాయంత్రం 5 లోపు సెల్ఫ్ టేప్, అంటే మీరే తీసుకున్న ఆడిషన్ వీడియో, పంపండి అని మెయిల్. చిన్నాపెద్దా పాత్రలూ ప్రకటనలూ చేసుకుంటూ ఇల్లు నడుపుకునే నటులకి ఇది కొత్త కాదు. మెయిల్ చూసి మీ గుండె ఒకలా కొట్టుకుంటుంది, పక్క సీట్లోవాళ్ళ ముఖం ఇంకోలా మారుతుంది.

మేం గట్టిగా చెప్పేదేంటంటే, ట్రిప్‌లో తీసిన టేపు నటన బాగోలేక చెడేది తక్కువ. గదీ, డేట్సూ, ఫైలూ చూసుకోక చెడేదే ఎక్కువ. అందులో సగం బయల్దేరక ముందే తేల్చుకోవచ్చు.

మొదట డేట్స్. టికెట్లు కొనక ముందే మీ ఏజెంటుకో మేనేజరుకో రాసి పంపండి. "వచ్చే వారం ఉండను" అని ఫోన్లో అనేస్తే చాలదు. ఫలానా తేదీ ఉదయం నుంచి ఫలానా తేదీ రాత్రి దాకా షూటింగ్‌కి దొరకను, కానీ టేప్ పంపగలను అని స్పష్టంగా ఉండాలి. ఈ రెండో ముక్క చాలామంది రాయరు. అది లేకపోతే ఆ వారం మీ పేరు అసలు ఎక్కడికీ పంపరు. ఎవరైనా మీ డేట్స్ హోల్డ్‌లో పెట్టి ఉంటే, అంటే పాత్ర ఖాయం చేయకుండా ఆ రోజులు ఇంకెవరికీ ఇవ్వొద్దని అడిగి ఉంటే, ఆ రోజుల మీద ట్రిప్ వేసుకునే ముందు వాళ్ళకి చెప్పాలి. హోల్డ్‌కి మామూలుగా డబ్బులుండవు. ఉండేది మాట మాత్రమే, ఈ పనిలో అది తప్పితే చాలాకాలం గుర్తుంటుంది.

టికెట్ల దగ్గర ఒక కిటుకు. మీ టికెట్ విడిగా, మిగతా కుటుంబానిది ఇంకో బుకింగ్‌గా తీసుకోండి. షూటింగ్ పడి మీరొక్కరే ముందు తిరిగి రావాల్సొస్తే మీదొక్కటే మార్చుకోవచ్చు, వాళ్ళ సెలవు చెదరదు. పిల్లలు మాత్రం ఇంట్లో రెండో పెద్దవారి బుకింగ్‌లోనే ఉండాలి, లేకపోతే ఈ ఏర్పాటంతా దండగ. దీనికి నష్టమూ ఉంది. సీట్లు పక్కపక్కన పడకపోవచ్చు, విమానం రద్దయితే మిమ్మల్నొక దాంట్లో, వాళ్ళనొక దాంట్లో ఎక్కించవచ్చు. ఇక తిరుగు ప్రయాణం షూటింగ్‌కి ముందురోజు రాత్రికి పెట్టుకోవద్దు, మధ్యలో ఒక పూర్తి రోజు వదలండి.

సగం షూట్ అయిన పాత్ర చేతిలో ఉంటే కంటిన్యుటీ, అంటే వేరే రోజుల్లో తీసిన షాట్లలో కూడా మీరు ఒకేలా కనపడటం, అది కూడా మీతో ట్రిప్‌కి వస్తుంది. జుట్టు కత్తిరించకూడదు, గడ్డం తీయకూడదు అన్నది అందరికీ గుర్తుంటుంది. మర్చిపోయేది ఎండ. బయటి షాట్‌లో తలుపు తోస్తారు, లోపలి షాట్‌లో అడుగుపెట్టేసరికి రెండు ఛాయలు నల్లబడి ఉంటారు. ముఖాన్ని మేకప్ కాపాడుతుంది, మెడా చేతులూ పట్టిస్తాయి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ బయటికెళ్ళడానికి 15 నిమిషాల ముందు రాసుకోండి, రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చాక మళ్ళీ రాయండి. వాచీ చారలు, కళ్ళజోడు చారలు ఇంకో తలనొప్పి. రంగు వేసిన జుట్టుంటే క్లోరిన్ నీళ్ళలో తల ముంచకండి.

సరంజామా ఒక చిన్న సంచిలో పడుతుంది. 150 సెంటీమీటర్ల దాకా లేచే మడత ట్రైపాడ్, ఫోన్ బిగించే క్లాంపు, మీ ఫోన్‌కి సరిపడే పిన్నున్న కాలర్ మైకు, రంగు మార్చుకోగల చిన్న ఎల్‌ఈడీ లైటు, ఒక సాదా బూడిద రంగు దుప్పటి, నాలుగు క్లిప్పులు. పవర్ బ్యాంక్ విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల లోపుదైతే మామూలుగా అడ్డు చెప్పరు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వస్తుంది. బట్టల్లో ఒక సాదా చొక్కా టేప్ కోసమే పక్కన పెట్టండి. తెల్లగా మెరిసేది వద్దు, సన్నగీతలది అసలు వద్దు, గీతలు కెమెరాలో అలల్లా కదులుతాయి.

ఇక మెయిల్ వచ్చింది. ముందు పాత్ర గురించి ఆలోచించకండి, షూటింగ్ తేదీలు చూడండి. ఆ తేదీల్లో మీరు రాలేరంటే టేప్ పంపకుండా అరగంటలో మర్యాదగా కాదని చెప్పేయండి. నచ్చితే అప్పుడు చూద్దాంలే అని పంపి, పాత్ర వచ్చాక డేట్స్ లేవనడం కన్నా ఇదే నయం. తర్వాత గడువు. సాయంత్రం 5 అంటే ఎక్కడి 5? టైమ్ జోన్ మారి ఉంటే పంపినవాళ్ళ గడియారమే లెక్క. గడువు పొడిగించమని అడగడం తప్పు కాదు, కాకపోతే అడిగాక గంటకి సముద్రపు ఒడ్డు ఫొటో స్టేటస్‌లో పెట్టకండి. వాళ్ళకీ ఫోన్లుంటాయి.

లైన్లు ప్రయాణంలోనే బట్టీ పట్టొచ్చు. ప్రతి మాట మొదటి అక్షరం మాత్రం కాగితం మీద రాసుకుని, దాన్ని చూస్తూ మొత్తం డైలాగ్ చెప్పడం బాగా పనిచేస్తుంది. రాత్రి చదివి పడుకుని, పొద్దున్న మళ్ళీ చెప్పుకుంటే గట్టిగా నిలుస్తాయి. టేప్‌లో కాగితం చేతిలో ఉండటం నేరమేం కాదు, కళ్ళు దాని మీదే ఉండటం నేరం.

ఇప్పుడు అసలు కష్టం, గది. కిటికీ మీ ఎదురుగా ఉండాలి, కెమెరా మీకూ కిటికీకీ మధ్యలో. కిటికీ మీ వెనకుంటే ముఖం నల్లగా పోతుంది. వెలుగు రంగుని కెల్విన్లలో కొలిస్తే పగటి వెలుతురు దాదాపు 5600, పసుపు బల్బులు 3000 దగ్గర. రెండూ కలిస్తే ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. కాబట్టి కిటికీ వెలుగు వాడుతుంటే గది లైట్లన్నీ ఆపేయండి. గోడకి కనీసం ఒక మీటరు దూరం నిలబడితే నీడ వెనక్కి పడదు. గోడ మీద పటాలుంటే దుప్పటి కట్టండి, ముడతలు పోయేలా నాలుగు మూలలా లాగి క్లిప్పులు పెట్టండి. ముడతలున్న దుప్పటి కన్నా ఖాళీ గోడే మేలు.

రాత్రి బల్బుల కిందే తీయక తప్పకపోతే ఫ్లికర్ చూసుకోవాలి, ముఖ్యంగా వేరే దేశంలో. కరెంటు కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, కొన్నిట్లో 60. చాలా లైట్లు సెకనుకి దానికి రెట్టింపు సార్లు మినుకుతాయి. కంటికి కనపడదు గానీ షటర్, అంటే కెమెరా ఒక్కో ఫ్రేముకి వెలుతురు పట్టే సమయం, దానితో కలవకపోతే వీడియోలో గోడ మీద నల్లటి పట్టీలు పాకుతుంటాయి. 50 ఉన్నచోట సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను. 60 ఉన్నచోట 30 ఫ్రేములు, 1/60. ఫోన్లోని కెమెరా షటర్ మార్చనివ్వకపోతే ఆ వీలున్న యాప్ పెట్టుకోండి. లేదా పొద్దున్నే లేచి కిటికీ దగ్గర తీయండి, మా ఓటు దీనికే.

ఫోన్ అడ్డంగా, వెనక కెమెరాతో, మీ కంటి ఎత్తులో. ట్రైపాడ్ లేకపోతే బల్ల మీద సూట్‌కేసు నిలబెట్టి దాని మీద పెట్టండి. కింద ఛాతీ మధ్య దాకా, తల పైన కొద్దిగా ఖాళీ. తెర మీద మీ ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. అది చేయకపోతే మీరు తల కదిపినప్పుడల్లా గోడ వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఫ్లైట్ మోడ్ పెట్టండి, మంచి టేక్ మధ్యలో ఫోన్ మోగకుండా.

శబ్దానికి ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. టంగుమని సాగితే గది పనికిరాదు. మంచం, తెరలు, దుప్పట్లు కెమెరా వెనక్కి వచ్చేలా చూసుకోండి, మీ గొంతు వెళ్ళేది అటే కాబట్టి అవి పీల్చుకుంటాయి. ఏసీ ఆపండి, చిన్న ఫ్రిజ్ ప్లగ్గు తీయండి, అయ్యాక మళ్ళీ పెట్టడం మర్చిపోకండి. కాలర్ మైకు ఛాతీ మీద, గడ్డానికి జానెడు కింద, బట్ట రాసుకోని చోట.

ఇక రీడర్, అంటే ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి. ట్రిప్‌లో ఆ పని ఇంట్లోవాళ్ళ మీదే పడుతుంది, గొడవలూ ఇక్కడే మొదలవుతాయి. మొదటి టేక్ అయ్యాక "నువ్వు ఇంకాస్త కోపంగా చెప్పుండాల్సింది" అని వాళ్ళు అంటారు, మీ ముఖం మారుతుంది, ఆ ముఖమే రెండో టేక్‌లో పడుతుంది. అందుకని ముందే పనులు పంచుకోండి. వాళ్ళ పని చదవడం, మీ పని నటించడం, సలహాలు అన్నీ అయ్యాక. చదివేటప్పుడు గొంతు మీకన్నా తక్కువ ఉండాలి, మైకుకి వాళ్ళు దగ్గరగా ఉంటే అసలు మీ మాటే వినపడదు. మరీ పేపర్ చదివినట్టూ వద్దు, పోటీపడి నటించడమూ వద్దు. మీ లైను పూర్తిగా అయ్యాకే వాళ్ళు మొదలుపెట్టాలి. వాళ్ళ కళ్ళు లెన్సుకి ఆనుకుని ఉన్నంత దగ్గరుండాలి. రీడర్ మంచం మీద కూర్చుని, మీరు కిందికి చూస్తూ మాట్లాడితే మీ కళ్ళే కనపడవు. సీన్లో ఇద్దరితో మాట్లాడాలంటే ఒకరిని లెన్సుకి ఎడమవైపు, ఇంకొకరిని కుడివైపు ఊహించుకోండి, రీడర్ ఒక్కరే ఉన్నా సరే.

ఎవరూ దొరకకపోతే తోటి నటులని వీడియో కాల్‌లో పెట్టుకోవచ్చు, రెండో ఫోన్ లెన్సు పక్కనే ఉంచి. మాట ఆలస్యంగా వస్తుంది కాబట్టి గబగబా ఒకరి మీద ఒకరు అరుచుకునే సీన్లకి ఇది పనికిరాదు. ఎదుటివాళ్ళ డైలాగులు ముందే రికార్డ్ చేసుకుని వాడటం చివరి దారి, ఎందుకంటే ఖాళీలు బిగిసిపోయి ఉంటాయి, మీరు వినడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెడతారు.

గంట సమయం పెట్టుకోండి, పిల్లలని ఆ గంటా ఇంకెవరితోనైనా బయటికి పంపండి. నాలుగైదు టేకులు చాలు, ఆ తర్వాత మీరు సీన్‌ని కాదు, వెనకటి టేక్‌ని అనుకరిస్తుంటారు. రెండు పంపమంటే రెండూ నిజంగా వేరుగా ఉండాలి. బాగా వచ్చింది ముందు పెట్టండి. స్లేట్‌లో, అంటే మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే ముక్కలో, పేరు, ఎత్తు, ప్రస్తుతం ఎక్కడున్నారో లెన్సులోకి చూసి చెప్పాలి, రెండు వైపులా తిరిగి చూపమంటే చూపాలి. ముందో వెనకో, ఏది అడిగారో మెయిల్లో ఉంటుంది, అదే చేయండి.

ఫైల్ 1080పి చాలు, 4కె ఎవరూ అడగరు. ఫోన్ సెట్టింగ్స్‌లో హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ ఎంచుకుంటే దాదాపు ఎక్కడైనా తెరుచుకుంటుంది. హెచ్‌ఈవీసీ అనే ఇంకో ఫార్మాట్‌లో ఫైలు చిన్నదే గానీ పాత కంప్యూటర్లు మొరాయిస్తాయి. ఫైల్ పేరులో మీ పేరు, పాత్ర పేరు, టేక్ నంబరు ఉండాలి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గానో లింకుగానో పంపండి. నెట్ ముందే చూసుకోండి. 200 ఎంబీ ఫైలు, అప్‌లోడ్ వేగం సెకనుకి 2 మెగాబిట్లయితే, 13 నిమిషాల పైనే పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. గడువుకి పది నిమిషాల ముందు మొదలుపెట్టేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. లింకు పంపే ముందు మీ ఖాతాలోంచి బయటికొచ్చి, ఇంకొకరి ఫోన్లో తెరిచి చూడండి. అనుమతి అడిగిందంటే అటువైపూ అదే అడుగుతుంది, వాళ్ళు అడగరు, తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు.

స్క్రిప్ట్ పేజీలు హోటల్ రిసెప్షన్‌లో ప్రింట్ తీయించి అక్కడే వదిలేయకండి, వాటి మీద మీ పేరు వాటర్‌మార్క్‌గా ఉండొచ్చు.

పంపాక చాలాసార్లు జవాబు రాదు, రాకపోవడమే కాదని చెప్పడం. రోజుకి పదిసార్లు మెయిల్ తెరుస్తూ మిగతా ట్రిప్ పాడుచేసుకోవద్దు, కాల్‌బ్యాక్, అంటే మళ్ళీ చూడటానికి పిలుపు, అయితే ఏజెంటే ఫోన్ చేస్తారు. పిలిస్తే అదే చొక్కా, అదే జుట్టుతో వెళ్ళండి, వాళ్ళకి నచ్చింది ఆ మనిషే. చోటు లేదని ఆ లింకులోని వీడియో తీసేయకండి. మీ టేప్ నటులని ఎంచే కాస్టింగ్ వాళ్ళ దగ్గర్నుంచి దర్శకుడికి, అక్కణ్ణుంచి నిర్మాతకి చేరేసరికి వారాలు పట్టొచ్చు, ఆఖరివాళ్ళు నొక్కినప్పుడు కూడా అది తెరుచుకోవాలి.