వంటల పుస్తకం రాసే ముందు కొలత తేల్చుకుందాం

అందరికీ నమస్కారం.

ఇంటి వంటలన్నీ ఒక పుస్తకంగా రాసిపెట్టుకుందాం అనుకోగానే చాలామంది ముందు పేజీలు పంచుతారు. కూరలకిన్ని, పచ్చళ్లకిన్ని, పిండివంటలకిన్ని అని. అది తర్వాతైనా చేసుకోవచ్చు. ముందు తేలాల్సింది కొలత.

పాత నోటుపుస్తకాల్లో తవ్వెడు కారం, సోలెడు ఆవపిండి, గిద్దెడు మెంతులు అని ఉంటుంది. ఇవన్నీ గిన్నెతో కొలిచే పాత కొలతలు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ. గిన్నె మారినా పాళ్లు మారవు కాబట్టి ఈ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. చిక్కంతా బరువులతోనే. మద్రాసు సేరు పాత లెక్కలో 24 తులాలు, అంటే సుమారు 280 గ్రాములు. 80 తులాల సేరైతే 930 గ్రాములు దాటుతుంది. అమ్మమ్మ 'రెండు సేర్ల బెల్లం' అని రాసిందంటే, ఆవిడది ఏ ఊరి సేరో తెలియకుండా అరిసెలకు కూర్చోలేం.

పాళ్లు సరిగ్గా ఉన్నా ఉప్పు దెబ్బతీస్తుంది. రాళ్ల ఉప్పు సోలెడు పోస్తే రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది. అదే సోలలో ప్యాకెట్ మెత్తటి ఉప్పు పోస్తే బరువు బాగా ఎక్కువ తూగుతుంది. పాత కొలతకే ఆవకాయ కలిపినా ఉప్పుకషాయం అయ్యేది ఇందుకే. కాబట్టి ఏ ఉప్పో రాయండి, పక్కనే గ్రాములు రాయండి. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపేటప్పుడు 'కప్పు' అని వదిలేయకండి. అక్కడి కొలకప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చేది 180.

ఇక పెద్దవాళ్లను అడిగితే 'తగినంత వెయ్యవే' అంటారు. ఆ తగినంత వాళ్ల చేతికే తెలుసు. వండుతున్నప్పుడు పక్కనే నిలబడి, గుప్పెడు తీయగానే ముందు కాటా మీది పళ్లెంలో వేయమనండి. తూచి రాసుకున్నాకే గిన్నెలోకి. విసుక్కుంటారు, అయినా వదలకండి.

కొన్నింటికి తూకం చాలదు, గుర్తు రాయాలి. అరిసెల పాకం ఎన్ని నిమిషాలని రాస్తే లాభం లేదు. బెల్లాన్ని బట్టి, మంటను బట్టి మారిపోతుంది. చన్నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. పిండి తడిపిండే అయి ఉండాలి, పిడికిట పడితే ముద్ద నిలవాలి. ఈ రెండు మాటలూ లేని అరిసెల పేజీ ఎంత అందంగా రాసినా అసంపూర్ణమే.

పేజీల క్రమం అంటారా, నేనైతే అక్షరక్రమం కన్నా పంచాంగాన్నే నమ్ముతాను. ఉగాది పచ్చడితో మొదలుపెట్టి వేసవి ఊరగాయలు, వడియాలు, శ్రావణంలో పూర్ణాలు, చవితికి ఉండ్రాళ్లు, సంక్రాంతికి అరిసెలు, సకినాలు. రోజువారీ కూరలు, పొడులు, బాలింత పథ్యం వెనక విడిగా ఉంటే చాలు. అమ్మ పులిహోర, అత్తగారి పులిహోర కలిపి ఒకటి చేయకండి. రెండూ వాళ్ల వాళ్ల పేర్లతోనే ఉండనివ్వండి. సాఫుగా తిరగరాశాం కదా అని నూనె మరకల పాత పుస్తకాన్ని పారేయకండి, ప్రతి పేజీకీ ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపండి.

ఇక్కడికి కాటా తెచ్చాను. ఇంటి సోలలు, గ్లాసులు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి. బియ్యం, కారం, రెండు రకాల ఉప్పు ఈ బల్ల మీదే ఉన్నాయి. తూచి, ఎవరి గిన్నె లెక్క వాళ్లు మొదటి పేజీలో రాసుకుందాం.