నలభై ఐదు డిగ్రీల ఆటగాళ్లు

శ్రోతలకు నమస్కారం. ఒలింపిక్స్‌లో ఒక్కో ఆటకు ఒక్కో బొమ్మ గుర్తు ఉండటం మనకు అలవాటే. 1964 టోక్యో క్రీడల్లో బలపడిన ఆ పద్ధతికి పక్కా కొలతలు బిగించినవారు జర్మన్ డిజైనర్ ఓట్ల్ ఐషర్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ రూపకల్పన ఆయన చేతిమీదుగానే సాగింది.

ఐషర్ 1922లో ఉల్మ్ పట్టణంలో పుట్టారు. హిట్లర్ యువదళంలో చేరనన్నందుకు స్కూలు చివరి పరీక్ష రాయనివ్వలేదు. ఆయన స్నేహితులు హాన్స్, సోఫీ షోల్‌లకు నాజీ వ్యతిరేక కరపత్రాలు పంచినందుకు 1943లో మరణశిక్ష పడింది. వాళ్ల అక్క ఇంగెను ఐషర్ తర్వాత పెళ్లాడారు. ఆమె, స్విస్ డిజైనర్ మాక్స్ బిల్, ఆయన కలిసి 1953లో ఉల్మ్‌లో డిజైన్ కాలేజీ పెట్టారు.

మ్యూనిక్ బొమ్మలు గీసే తీరు చూడండి. ముందు ఒక చదరం. అందులో అడ్డగీతలు, నిలువుగీతలు, 45 డిగ్రీల ఏటవాలు గీతలు. తలకు ఒక గుండ్రని చుక్క. చేతులకూ కాళ్లకూ ఒకే మందంలో, కొసలు గుండ్రంగా ఉన్న పట్టీలు. ఆటగాడు పరిగెత్తినా, ఈదినా, సైకిలు తొక్కినా ఆ గీతల వెంటే వంగాలి. కష్టమంతా పట్టీల మధ్య వదిలే ఖాళీలో ఉంది. అది మరీ సన్నగా ఉంటే చిన్న సైజు అచ్చులో సిరా పాకి చెయ్యీ ఒళ్లూ అతుక్కుపోతాయి. ఎక్కువైతే మనిషి ముక్కలుగా కనబడతాడు. ఒక్క బొమ్మ బాగా రావాలని 30 డిగ్రీల గీత చేర్చారా, అది మిగతావాటితో కలవదు. నియమం అంత గట్టిది కాబట్టే ఎంతమంది గీసినా అన్నీ ఒకే చెయ్యి గీసినట్టు కనిపిస్తాయి.

రంగుల్లోనూ ఆయన పట్టుదల తెలుస్తుంది. నాజీ జెండాల ఎరుపును దూరం పెట్టి లేత నీలం, ఆకుపచ్చ, నారింజ లాంటివి ఎంచుకున్నారు. ఆ క్రీడల మస్కట్ అయిన చారల కుక్క వాల్డీ ఒంటిమీదా అవే రంగులు.

అంతకుముందు 1962లో జర్మన్ విమాన సంస్థ లుఫ్తాన్సా పని చేపట్టినప్పుడు ఆయన బృందం కొత్త గుర్తు గీయలేదు. 1918 నాటి ఎగిరే కొంగనే ఉంచి, చుట్టూ సన్నని వలయం గీసి, అక్షరాలు, రంగులు, టికెట్లు అన్నిటికీ ఒకే పద్ధతి పెట్టారు. పాతదాన్ని పారేయకపోవడమే అక్కడి గొప్ప నిర్ణయమని నా అభిప్రాయం.

1988లో వచ్చిన, ఆయన రూపొందించిన రోటిస్ అనే అచ్చు అక్షరాల (ఫాంట్) విషయంలో మాత్రం అంత మెచ్చుకోలేం. బోర్డులమీద చక్కగా ఉంటాయి. పుస్తకంలో పేజీలకు పేజీలు చదవబోతే ఇంగ్లీషు 'ఇ', 'సి' అక్షరాలు కాస్త వాలినట్టుండి, పదాన్ని వదిలి చూపును తమవైపే లాగుతాయి.