స్పానిష్‌లో మర్యాద ఎక్కడుంటుంది?

అందరికీ నమస్కారం.

స్పానిష్ మొదలుపెట్టగానే అందరికీ వచ్చేసే మాటలు రెండు: 'పోర్ ఫవోర్', 'గ్రాసియాస్'. దయచేసి, ధన్యవాదాలు. ఈ రెండూ వస్తే చాలనుకుంటాం. కానీ ఇది 20 దేశాల్లో నడిచే భాష. ఒక్కో చోట మర్యాద ఒక్కోలా ఉంటుంది.

మాడ్రిడ్‌లో బార్‌కి వెళ్తే అడుగుపెడుతూనే 'బ్వేనోస్ దియాస్' (శుభోదయం) అనాలి. తర్వాత 'మే పోనెస్ ఉన్ కఫే?', అంటే నాకో కాఫీ ఇస్తావా అని. పోర్ ఫవోర్ అనకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మనం 'అత్తయ్యా, కాసిని మంచినీళ్లు ఇస్తారా' అంటాం, దయచేసి అనం కదా, అలాగే. పలకరింపు లేకుండా సరాసరి కాఫీ అడిగితేనే మొరటు.

కొలంబియా రాజధాని బొగోటాలో అయితే 'మే రెగాలా ఉన్ తింతో?' అంటారు. రెగాలార్ అంటే కానుకగా ఇవ్వడం. డబ్బిచ్చి కొనేదాన్ని కూడా అంత మెత్తగా అడుగుతారు. తింతో అంటే అక్కడ పాలు లేని కాఫీ. స్పెయిన్‌లో ఆ మాటంటే రెడ్ వైన్ తెచ్చిస్తారు, జాగ్రత్త! కాఫీ అందుకుని గ్రాసియాస్ అనండి, 'కోన్ ముచో గుస్తో' అని బదులొస్తుంది. ఎంతో ఇష్టంగా చేశాను అని. స్పానిష్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు ఇదే.

'తూ', 'ఉస్తెద్' అంటే నువ్వు, మీరు. మనకు ఇది తేలికే అనిపిస్తుంది, కానీ లెక్క వేరు. బొగోటాలో ప్రాణస్నేహితులూ, భార్యాభర్తలూ ఉస్తెద్ అనుకోవడం మామూలే. స్పెయిన్‌లో దుకాణంలో కుర్రాడు మిమ్మల్ని తూ అంటే నొచ్చుకోకండి, చిన్నచూపు కాదు.

మెక్సికోలో భోంచేసి లేచినవాళ్లు, పక్క బల్లల దగ్గర తింటున్న ముక్కూమొహం తెలియనివాళ్లకి కూడా 'ప్రొవేచో' చెప్పి వెళ్తారు. తిన్నది ఒంటికి పట్టాలని. 'గ్రాసియాస్' అనాలి. నోట్లో ముద్ద ఉంటే తలూపినా చాలు, పట్టనట్టు మాత్రం ఉండకూడదు.

అక్కడే అమ్మ పిలిస్తే పిల్లలు 'మాందే?' అంటారు, ఆజ్ఞాపించండి అని. 'కే?' అంటే, 'ఏంటి?' అని విసురుగా అన్నట్టు. మాందే వలసపాలన నాటి బానిస మాట అని కొందరు వాదిస్తారు, పెంపకం అని ఇంకొందరు. రోజూ ఆప్యాయంగా పలికే మాటని బానిసత్వం అనడానికి నాకు మనసొప్పదు. మెక్సికోలో నిస్సంకోచంగా వాడండి. స్పెయిన్‌లో మాత్రం వింతగా చూస్తారు.

బస్సులో దిగడానికి దారి కావాలంటే 'కోన్ పెర్మీసో', ఎవరి కాలైనా తొక్కితే 'పెర్దోన్'. రండి, ఇప్పుడు పక్కవాళ్లతో అని చూద్దాం.