కరెంటు మళ్లీ వచ్చినప్పుడు ఏం చేస్తది?

నమస్కారం అండీ. ఇవాళ లైట్ల సంగతి మాట్లాడుకుందాం. స్మార్ట్ స్విచ్చులు, సెన్సర్లు, వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్లు, ఫోన్‌లో నొక్కితే ఆరిపోయే బుగ్గలు, ఇలాంటివన్నీ. ఇదంతా హైదరాబాద్ విల్లాల వ్యవహారం, మనకెందుకు అని రేడియో బంద్ చేయకండి, ఎందుకంటే దానంతట అదే వెలిగి ఆరే సామాను మన నల్లగొండ, పాలమూరు రైతులకు పట్నంవాళ్ల కంటే ముందే తెలుసు. ఆటో స్టార్టరు గుర్తుంది కదా?

కరెంటు ఎప్పుడొస్తదో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోయి పాముల భయంతో మోటరు వేయలేక, ఊరంతా ఆటో స్టార్టర్లు పెట్టించుకున్నది. కరెంటు రాగానే మోటరు లేచేది, మనం నిద్రపోయేవాళ్లం. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేసరికి అదే డబ్బా తలనొప్పయింది. మడి నిండినా మోటరు పోస్తూనే ఉండేది, అధికారులు ఊరూరా తిరిగి ఆటో స్టార్టర్లు తీసేయండని చెప్పాల్సి వచ్చింది. లైట్ల సామాను ఎవరు కొంటానన్నా నేను మొదట అడిగే ప్రశ్న నాకు ఆ డబ్బానే నేర్పింది: కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు ఇది ఏం చేస్తది?

ఈ ప్రశ్న నేనే అడగకుండా ఒకసారి ఇరుక్కున్నాను. వైరింగ్ పని చేసేవాడిని, పైగా తమ్ముడిని, మహబూబ్‌నగర్‌లో అక్క వాళ్ల గృహప్రవేశానికి పదకొండు స్మార్ట్ బుగ్గలు తీసుకుపోయి గొప్పగా బిగించి వచ్చాను. మే నెలలో ఒకరోజు రాత్రి గాలిదుమారం లేచి పది గంటలకు కరెంటు పోయింది, రెండు దాటాక వచ్చింది. వచ్చీ రాగానే పదకొండు బుగ్గలూ ఒక్కసారి తెల్లగా, ఫుల్లుగా వెలిగాయి. అందులో ఒకటి సరిగ్గా చంటిపిల్ల ఊయల మీద. పిల్ల ఏడుపు, ఫోన్ ఎక్కడుందో కనపడదు, కనపడినా వైఫై డబ్బా ఇంకా లేవలేదు. అక్క వాళ్ల అత్తమ్మ లేచి గదిగదికీ తిరిగి గోడ మీది స్విచ్చులన్నీ టకటకా బంద్ చేసింది. తెల్లారి చూస్తే ఫోన్‌లో అన్నీ ఆఫ్‌లైన్. అక్క ఫోన్ చేసి, "ఏంది తమ్మీ, ఇవి బుగ్గలా, దయ్యాలా?" అన్నది.

తప్పు నాదే. చాలా స్మార్ట్ బుగ్గలు కరెంటు రాగానే వెలిగేలాగే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. కరెంటు వచ్చాక ఆరే ఉండాలా, పోకముందు ఎలా ఉందో అలా ఉండాలా అని యాప్ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు, అది అన్నింట్లో ఉండదు. కొనేముందు అడగాలి, బిగించాక మార్చాలి. రెండోది, స్మార్ట్ బుగ్గకు గోడ స్విచ్చు ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. మన ఇళ్లలో గది నుంచి బయటికొస్తూ చేత్తో స్విచ్చు తట్టకుండా ఎవరు వస్తారు చెప్పండి? చిన్నప్పటి నుంచి తిట్లు తిని నేర్చుకున్న అలవాటది.

అందుకే సొంతిల్లయితే బుగ్గ జోలికి పోకుండా, స్విచ్ బోర్డు లోపల పెట్టే చిన్న మాడ్యూల్ తీసుకోమంటాను. పాత స్విచ్చు పాతలాగే పనిచేస్తది, ఫోన్ కావాలన్నవాళ్లకు ఫోన్, ఇంటర్నెట్ పోయినా గోడ మీది మీట పోదు. కిరాయి ఇల్లయితే బుగ్గే నయం, ఖాళీ చేసేటప్పుడు విప్పుకొని పోవచ్చు. 2022లో మ్యాటర్ అని ఒక ప్రమాణం వచ్చింది, ఆ గుర్తున్న సామాను ఏ కంపెనీదైనా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంది, ఇంట్లోపలి పనికి బయటి ఇంటర్నెట్ కోసం చూడదు. రేటు కొంచెం ఎక్కువైనా ఆ గుర్తు చూసి కొనండి.

ఈ మాడ్యూళ్లలో చాలావాటికి న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగిపోయే తీగ, కావాలి. ప్లగ్గు సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది. మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి ఉండే టూ-వే స్విచ్చుల బోర్డుల్లో మాత్రం పాత ఇళ్లలో చాలాసార్లు ఉండదు. అప్పుడు కొందరు "ఎర్తు నుంచి లాగేద్దాం అన్నా" అంటారు. ఒప్పుకోకండి, ప్రాణం మీదికొస్తది. న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లు కూడా ఉన్నాయి, అవి బుగ్గ గుండానే కాస్త కరెంటు తీసుకుంటాయి, చిన్న ఎల్ఈడీ అయితే బంద్ చేసినా మిణుకుమంటూనే ఉంటుంది. ఇల్లు ఇప్పుడే కడుతున్నవాళ్లు గోడ కొట్టే రోజునే ప్రతి బోర్డుకూ న్యూట్రల్ వేయించి, లోతైన బాక్సు పెట్టించండి. ఆ రోజు అయ్యే ఖర్చు తీగంతే, ప్లాస్టరింగ్ అయ్యాక అయితే గోడంత.

ఇక మనిషి కదలగానే వెలిగే సెన్సర్లు. ఎక్కువగా దొరికే పీఐఆర్ రకం మన ఒంటి వేడిని చూసి పనిచేస్తది, చుట్టూ ఉన్న వేడికీ మన వేడికీ తేడా ఉంటేనే మనిషిని పసిగడుతుంది. ఒంటి వేడి 37 డిగ్రీలు. నల్లగొండలో మే నెల సాయంత్రం గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇగ సెన్సరుకు మనిషెవరు, గోడేది? చలికాలంలో గుమ్మం దగ్గరే పట్టుకున్నది ఎండాకాలంలో పక్కకొచ్చి చెయ్యి ఊపితే గానీ వెలగదు. సెన్సరు పాడైందని మార్చడానికి పోకండి. ఇంకొకటి, కదలకుండా కూర్చుంటే ఆరిపోతుంది, కాబట్టి బాత్రూంలో పెట్టేవాళ్లు ఆరే సమయం పది నిమిషాలకైనా పెంచుకోండి. మైక్రోవేవ్ రకానికి వేడితో పని లేదు, కానీ అది అద్దాలు, పల్చటి తలుపులు దాటి కూడా చూస్తది, వరండాలో కుక్క పోయినా హాల్లో లైటు వెలుగుతుంది.

డబ్బు మిగులుతుందా అని అడుగుతారు. లెక్క చూద్దాం. 9 వాట్ల బుగ్గ రోజూ 5 గంటలు దండగగా వెలిగితే నెలకు ఒక యూనిట్టు, ఇంకో మూడో వంతు. అలాంటివి ఐదు వెలిగినా 7 యూనిట్లు దాటవు. స్మార్ట్ మాడ్యూలు ఊరికే మేల్కొని ఉండటానికే అర వాటు నుంచి ఒక వాటు దాకా తింటుంది. ఒక వాటు చొప్పున పది పెడితే నెలకు 7.2 యూనిట్లు. ఆదా చేద్దామని పెట్టిందే ఎక్కువ తినేసింది! గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇల్లయితే మిగిలేదేమీ లేదు, 198 దగ్గర ఊగిసలాడే ఇల్లయితే ఈ ఏడు యూనిట్లే గీత దాటిస్తాయి. ఆదా కావాలంటే గీజరు చూసుకోండి, అది అరగంటలో ఒక యూనిట్టు లాగుతుంది. లైట్లకు ఈ సామాను సౌకర్యం కోసమే పెట్టుకోండి.

దుకాణాల సంగతి వేరు. గద్వాల, నారాయణపేట చీరలు అమ్మే ఒకాయన డిమ్మర్లు కావాలి, రంగులు మారే లైట్లు కావాలి అని పిలిచాడు. నేను పోయిన గంటలో ఆ షాపులో నలుగురు ఆడవాళ్లు చీర మడత విప్పి గుమ్మం దాకా తీసుకుపోయి ఎండలో పట్టి చూశారు. నాలుగోసారికి ఆయనకే అర్థమై నా మొహం చూశాడు. లోపలి లైటు కింద కుంకుమ రంగు ఇటుక రంగులా కనపడుతోంది మరి. ముందు సీఆర్ఐ 90కి పైన ఉన్న లైట్లు పెట్టించుకో అన్నా, డిమ్మరు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. సీఆర్ఐ అంటే రంగును ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే లెక్క, పూర్తి మార్కులు 100. డిమ్మరు కావాలంటే బుగ్గ డబ్బా మీద డిమ్మబుల్ అని రాసి ఉండాలి. మామూలు ఎల్ఈడీకి ఫ్యాను రెగ్యులేటరు లాంటి డిమ్మరు తగిలిస్తే వణుకుతుంది, గుయ్యిమంటుంది. వణుకు కంటికి తెలియకపోతే ఫోన్ కెమెరా తెరిచి లైటు వైపు పట్టండి, నల్లటి చారలు కదులుతుంటే ఆ లైటు వణుకుతున్నట్టే.

మిర్యాలగూడ మిల్లుల వాళ్లకు రెండు మాటలు. నడిచే బెల్టుల దగ్గర, యంత్రాల దగ్గర సెన్సరు లైటు పెట్టకండి, చెయ్యి లోపలున్నప్పుడు ఆరిపోతే ఎంత ఘోరం. ఇక పెద్ద ఎల్ఈడీలన్నీ ఒకేసారి వేస్తే ఆ క్షణంలో కరెంటు దెబ్బ గట్టిగా ఉంటుంది, చిన్న స్మార్ట్ స్విచ్చు లోపల కరెంటును కలిపి విడదీసే రిలే అతుక్కుపోయి లైటు ఇక ఆరదు. మధ్యలో కాంటాక్టర్, అంటే ఆ దెబ్బను తట్టుకునే పెద్ద స్విచ్చు, పెట్టించండి.

ఫంక్షన్ హాళ్లకు డాలీ అనే పద్ధతి చెప్తుంటారు, ఒక లైనులో 64 లైట్ల దాకా దేనికదే అడ్రసు ఇచ్చి నడపొచ్చు. పద్ధతి మంచిదే. కానీ రాత్రి పదకొండింటి ముహూర్తానికి స్టేజీ మీద లైటు మొరాయిస్తే, అది సెట్ చేసినాయన హైదరాబాద్ నుంచి రావాలా? ఊళ్లోనే తెలిసిన మనిషి ఉంటే పెట్టుకోండి, లేకపోతే స్టేజీకి ఒకటి, హాలుకు ఒకటి, బంతులు సాగే చోటికి ఒకటి, మూడు కాంటాక్టర్లు, మూడు మీటలు, పైన తెలుగులో పేర్లు.

అక్క వాళ్లింట్లో ఇప్పుడు గేటు లైటుకు చీకటిపడితే వెలిగే సెన్సరు ఉంది, మెట్లకు ఒక సెన్సరు, హాల్లో రెండు మాడ్యూళ్లు. అత్తమ్మ గదిలో మాత్రం మామూలు స్విచ్చు, పాత జీరో బుగ్గ. పేరుకే జీరో అమ్మా, పదిహేను వాట్ల దాకా లాగుతుంది అని చెప్పాను. "లాగనీ కొడుకా, నేను నొక్కకుండ వెలగది గదా" అన్నది.