చైనా పార్టీలో పైకెవరు, ఇంటికెవరు

మిత్రులారా, నమస్కారం.

2022 అక్టోబరు 23న బీజింగ్‌లోని మహా ప్రజా భవనంలో చైనా కమ్యూనిస్టు పార్టీ అత్యున్నత బృందమైన స్థాయీ సంఘం సభ్యులు ఏడుగురు ఒకరి వెనక ఒకరు నడిచొచ్చి వేదికెక్కారు. ముందు పార్టీ అధినేత జిన్‌పింగ్, ఆ వెనకే లీ చియాంగ్. ఎవరూ నోరు విప్పకముందే కాబోయే ప్రధాని ఎవరో తేలిపోయింది. ఆయన అంతకుముందు ఉపప్రధానిగా పనిచేయలేదు. తొలి ప్రధాని జౌ ఎన్‌లై తర్వాత ఆ పదవికొచ్చిన వాళ్లంతా ఉపప్రధానులుగా చేసినవాళ్లే. పైగా ఆ ఏడాది వసంతంలో రెండు నెలల లాక్‌డౌన్‌తో షాంఘై జనం తిండికి అల్లాడినప్పుడు అక్కడి పార్టీ కార్యదర్శి ఆయనే.

మరి చాలామంది స్థాయీ సంఘానికి ఖాయమనుకున్న హు చున్‌హువా? ఉపప్రధాని, వయసు 59. పైకి వెళ్లడం అటుంచి, ఉన్న పొలిట్‌బ్యూరో (స్థాయీ సంఘానికి కింది మెట్టు) సభ్యత్వమే ఊడింది.

జోస్యాలు ఎక్కడ బెడిసికొట్టాయి? ముందుగా వయసు దగ్గర. ‘ఏడైతే పైకి, ఎనిమిదైతే కిందికి’ అంటారు. అంటే 67 వస్తే ఉండొచ్చు, 68 వస్తే ఇంటికే. పార్టీ నిబంధనావళిలో ఇది ఎక్కడా లేదు. ఐదేళ్లకోసారి జరిగే పార్టీ మహాసభల్లో 1997 నాటి దానికి హద్దు 70. ఆ లెక్కన స్థాయీ సంఘం సభ్యుడు, 72 ఏళ్ల చియావో షి దిగిపోయారు, అప్పటి పార్టీ అధినేత, 71 ఏళ్ల జియాంగ్ జెమిన్ మాత్రం ఉండిపోయారు. 2002లో హద్దు 68కి జరిగింది. స్థాయీ సంఘంలోని లీ రుయిహువాన్‌కు అప్పుడు సరిగ్గా 68! ఎవర్ని పంపాలో తేల్చుకున్నాకే గీత గీశారని నా అనుమానం. మన విశ్లేషకులేమో దాన్ని శాసనమనుకున్నారు. 2022లో 67 ఏళ్ల అప్పటి ప్రధాని లీ కెచియాంగ్, స్థాయీ సంఘం సభ్యుడు వాంగ్ యాంగ్ ఇద్దరూ ఇంటికెళ్లారు. 69 ఏళ్ల అప్పటి విదేశాంగ మంత్రి వాంగ్ యీ, 72 ఏళ్ల సైనిక జనరల్ ఝాంగ్ యూషియా పొలిట్‌బ్యూరోలో కూర్చున్నారు.

ఇక పనితీరు. రాష్ట్రాన్ని బాగా వృద్ధి చేసినవాడికి పదోన్నతి వస్తుందని 2005లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలతో చూపారు. 2012లో రాజనీతి పరిశోధకుడు విక్టర్ షీ బృందం, పొలిట్‌బ్యూరోకు కింది మెట్టైన కేంద్ర కమిటీలోని స్థానాలను పరిశీలిస్తే వృద్ధి ప్రభావం కనబడలేదు. పెద్దల అండ, చదువు, రాబడి వసూలు కనబడ్డాయి.

అందుకే నేను ముందు చూసేది, ఎవరు ఎప్పుడు ఎవరి కింద పనిచేశారనే. జిన్‌పింగ్ జెజియాంగ్ రాష్ట్రంలో పార్టీ కార్యదర్శిగా ఉన్నప్పుడు ఆయన కార్యాలయ వ్యవహారాలు చూసింది ఈ లీ చియాంగే. 2022లో స్థాయీ సంఘంలోకొచ్చిన డింగ్ షూషియాంగ్‌దీ 2007లో షాంఘైలో జిన్‌పింగ్ దగ్గర అలాంటి పనే. అయితే దగ్గరితనం ఎక్కిస్తుందే గానీ నిలబెడుతుందన్న భరోసా లేదు. జిన్‌పింగ్ మెచ్చి పైకి తెచ్చారనుకున్న ఛిన్ గాంగ్ 2022 డిసెంబరులో విదేశాంగ మంత్రయ్యారు, 2023 జులైకల్లా పదవి పోయింది.

గణాంకాల పిచ్చివాళ్లకు ఒక ముచ్చట. 1997లో కేంద్ర కమిటీ ప్రత్యామ్నాయ సభ్యులను (కమిటీలో ఓటు హక్కు లేనివాళ్లు) వచ్చిన ఓట్ల వరసలో ప్రకటించారు. మొత్తం 151 మంది. అట్టడుగు పేరు జిన్‌పింగ్‌ది. ఆ జాబితా ఇస్తే ఏ కంప్యూటరు ఆయన మీద పందెం కాసేది? పదేళ్లకే ఆయన స్థాయీ సంఘంలోకొచ్చారు, అదీ లీ కెచియాంగ్ కన్నా ఒక మెట్టు పైన.

2027 మహాసభ నాటికి జిన్‌పింగ్‌కు 74. స్థాయీ సంఘంలో అందరికన్నా చిన్నవాడైన డింగ్‌కే 65 వస్తాయి. వారసుడెవరని అడిగితే పేరు చెప్పను, ఒక కుర్చీ చూపిస్తాను. 2010 అక్టోబరులో జిన్‌పింగ్‌ను సైన్యాన్ని నడిపే కేంద్ర సైనిక సంఘం ఉపాధ్యక్షుణ్ని చేశారు. రెండేళ్లకు పార్టీ ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాత సైన్యం బయటివాళ్లెవరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు.