చిన్న తరగతుల్లో ఆన్‌లైన్ క్విజ్: ముందు మార్చాల్సిన సెట్టింగులు

ఆన్‌లైన్‌లో క్విజ్ పెట్టారు, క్లాసులో సగం మంది తప్పు నొక్కారు. వెంటనే పాఠం అర్థం కాలేదనుకుంటాం. ఆరేడేళ్ల పిల్లల విషయంలో ఆ మాట అనే ముందు టూల్ సెట్టింగులు ఒకసారి చూడాలి. జవాబు తెలిసిన పిల్లలే టైమర్ దగ్గర, మౌస్ దగ్గర ఓడిపోతుంటారు.

కహూట్ అనే క్విజ్ యాప్ తీసుకోండి. ప్రశ్నకి మామూలుగా 20 సెకన్లు ఇస్తుంది. కూడబలుక్కుని చదివే వయసుకి అది ఏ మూలకీ చాలదు. ప్రశ్న తయారుచేసే చోటే టైమ్ లిమిట్ ఉంటుంది, 240 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. 60 లేదా 90 పెట్టి, ప్రశ్నని మీరే రెండుసార్లు పైకి చదవండి. పాయింట్స్ దగ్గర నో పాయింట్స్ ఎంచుకోండి. ఎంత తొందరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు అని పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు. ఇక చదవడం మానేసి, ఏదో ఒక జవాబు రంగు గడి మీద టక్కున కొట్టేస్తారు. పేర్లు టైప్ చేయించకండి. నిక్‌నేమ్ జనరేటర్ ఆన్ చేస్తే యాప్ తనే ఓ సరదా పేరు ఇస్తుంది. పిల్లల అసలు పేరు బయటికి వెళ్లదు, టైపింగ్‌కి పోయే పది నిమిషాలూ మిగులుతాయి.

ఇక బొమ్మని లాగి సరైన చోట వదిలే (డ్రాగ్ అండ్ డ్రాప్) ఆటలు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద ఇవి వద్దే వద్దు. నొక్కి పట్టుకుని లాగేలోపు చిన్న వేలు జారుతుంది, బొమ్మ మొదటికి వెళ్లిపోతుంది, పిల్లాడు తన జవాబే తప్పనుకుంటాడు. టచ్‌ప్యాడే ఉంటే నొక్కితే చాలనే రకం ఆటలు పెట్టండి. ట్యాబ్ అయితే లాగడం సులువే, కానీ వేలు తగిలి యాప్ మూసుకుపోతూ ఉంటుంది. స్క్రీన్‌ని ఒకే యాప్‌కి కట్టిపడేసే సెట్టింగ్ ఉంటుంది: ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్. అది ఆన్ చేస్తే ఆ గొడవ ఉండదు.

లెక్కలకి నాకు నచ్చేది ఫెట్ (PhET) అనే వెబ్‌సైట్ వాళ్ల మేక్ ఎ టెన్ అనే ఆట, అంకెల్ని విడదీసి, కలిపి పది చేయడం ఇందులో పని. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, నెట్ లేని చోటికి డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. 8, 5 ఇచ్చారనుకోండి. 5 లోంచి 2 విడదీసి 8 మీద వేస్తే 10. మిగిలిన 3 కలిపితే 13. ఇక్కడే ఒక చిక్కుంది. పిల్లలు 5ని అలాగే తీసుకెళ్లి 8 మీద పడేస్తారు, 13 వచ్చేస్తుంది. లెక్క చేసింది కంప్యూటర్! అందుకని ఒక నియమం పెట్టండి: వేలు ఎత్తే ముందు, ఎంత వస్తుందో పైకి చెప్పాలి. "ఎనిమిదికి పది కావాలంటే ఇంకా ఎన్ని?" అని మీరు అడుగుతూ ఉండాలి. ఒక్క స్క్రీన్‌కి ఇద్దరు పిల్లలు: ఒకరు చెప్తారు, ఇంకొకరు లాగుతారు. మూడు లెక్కలకోసారి మారాలి.

పిల్లల దగ్గర పరికరాలే లేకపోతే ప్లిక్కర్స్ అనే యాప్ ఉంది. తలా ఒక ముద్రించిన కార్డు, దాని నాలుగు వైపులా ఒక్కో జవాబు అక్షరం. జవాబు అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటారు, టీచర్ తన ఫోన్ కెమెరాతో క్లాసంతా చదివేస్తారు. కొన్ని కార్డులు చదవడం లేదంటే కార్డు మీది నల్ల గీతల మీద వేలు పడిందన్నమాట, తెల్ల అంచు దగ్గరే పట్టుకోమనండి. మెరిసే లామినేషన్ మాత్రం చేయించొద్దు, లైటు పడి కెమెరాకి కార్డు కనపడదు.