సర్టిఫైడ్ కారు వారంటీకి అదనంగా డబ్బు కట్టొచ్చా?

అందరికీ నమస్కారం. గుంతకల్లు తమ్ముడొకడు బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు చూసుకున్నాడు. మార్కెట్లో అదే మోడల్ దొరికే ధర మీద నలభై వేలు ఎక్కువ చెప్తున్నారట. ఎందుకయ్యా అంటే సర్టిఫైడ్ బండి, ఏడాది వారంటీ అన్నారట. "తీసుకోమంటావా అన్నా?" అని అడిగాడు. వారంటీ కాగితం వాట్సాప్‌లో పంపమన్నాను.

ముందు ఒక మాట. సర్టిఫైడ్ అనే ముద్ర ప్రభుత్వం వేసేది కాదు, అమ్మేవాళ్లే వేసుకునేది. మారుతికి ట్రూ వ్యాల్యూ ఉంది, టయోటాకు యూ ట్రస్ట్ ఉంది, ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు వేరే. ఎవరి చెకింగ్ వాళ్లది, ఎవరి షరతులు వాళ్లవి. కాబట్టి ఫలానా వాళ్ల వారంటీ మంచిదంట అని ఎవరో చెప్తే నమ్మి డబ్బు కట్టొద్దు. మీ చేతికిచ్చే కాగితంలో ఏం రాశారో అదొక్కటే లెక్క.

తమ్ముడు పంపిన కాగితంలో మొదటి పేజీ నిండా ఏడాది వారంటీ అని పెద్ద అక్షరాలు. లోపలికెళ్తే ఇంజన్, గేర్‌బాక్స్ మాత్రమే. క్లచ్ ప్లేట్లు లేవు, బ్రేక్ ప్యాడ్లు లేవు, సస్పెన్షన్ లేదు, బ్యాటరీ, టైర్లు లేవు. అంటే వాడిన బండిలో మామూలుగా ముందు పోయేవన్నీ బయటే! ఏసీ కూడా లేదప్పా. అనంతపురం జిల్లాలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా పిల్లలను కూర్చోబెట్టుకుని పొమ్మనండి చూద్దాం. కంప్రెసర్ పోతే వేలల్లోనే ఖర్చు, అది మన జేబులోంచే.

ఇంకో మెలిక, ఏడాది లేదా 15,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. తమ్ముడి ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు గుంతకల్లులో. వారం వారం వచ్చిపోతే రానూపోనూ 550 కిలోమీటర్లు దాటుతుంది. ఆ లెక్కన ఏడాది వారంటీ ఆరేడు నెలలకే అయిపోతుంది.

అన్నిటికన్నా నన్ను ఆపింది రిపేరు ఎక్కడ చేస్తారన్న విషయం. వాళ్లు చెప్పిన వర్క్‌షాప్‌లోనే, వాళ్ల అనుమతి వచ్చాకే బండి విప్పాలి. గుత్తి దగ్గర హైవే మీద హోస్ పైపు పగిలి, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మొత్తం కారిపోయిందనుకోండి. దగ్గర్లో ఉన్న మెకానిక్‌ను పిలుస్తాం కదా, వేరే దారేముంది? ఆయన ఇంజన్ మీద చెయ్యి వేశాడంటే, బయట విప్పించారు కాబట్టి వారంటీ చెల్లదంటారు. సరే అని హీట్ ఎక్కిన బండినే నాలుగు కిలోమీటర్లు తోలితే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు, పోవచ్చు, అప్పుడు మీ నిర్లక్ష్యం అంటారు. బెంగళూరు దాకా టోయింగ్ ఎవరు కట్టాలో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. అనంతపురంలోనో కర్నూలులోనో రిపేరు చేయించుకోవచ్చని రాసి ఇస్తారా అని అడగమన్నాను. సేల్స్ కుర్రాడు "ఎక్కడైనా చేస్తారు సార్" అన్నాడట. అదే మాట మెయిల్‌లో పెట్టమంటే ఇంతవరకు జవాబు లేదు!

మరి వారంటీ ఎవరికీ పనికిరాదా? అలా కాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, టర్బో ఇంజన్, కొత్త రకం డీజిల్ బండ్లు కొనేవాళ్లు కట్టొచ్చు. వీటిలో పెద్ద రిపేరు ఒకటి వస్తే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు, ఊర్లో మెకానిక్‌లు కూడా ముట్టుకోరు. కానీ టర్బో, గేర్‌బాక్స్ కంప్యూటర్, ఇంజెక్టర్లు పేరుపేరునా లిస్టులో ఉండాలి. మామూలు పెట్రోల్, మాన్యువల్ గేర్ల బండికైతే నేను నలభై వేలు పెట్టను. తమ్ముడు చూసింది అలాంటి బండే.

దానికన్నా కంపెనీ వారంటీ ఇంకా మిగిలున్న బండి వెతుక్కోవడం మేలు. మారుతి 2024 జూలైలో కొత్త బండ్ల వారంటీని 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. మన పెనుకొండలో తయారయ్యే కియాకు సొంత వాడకమైతే 3 ఏళ్లు, కిలోమీటర్ల హద్దు లేదు. ఓనరు మారినా ఆ వారంటీ బండితోనే వస్తుంది. పాత ఓనరు సర్వీసులు సరిగ్గా చేయించాడా లేదా అన్నది షోరూంలో అడిగి చూసుకోండి, మీటర్ వెనక్కి తిప్పి ఉంటే అక్కడే బయటపడొచ్చు.

ఇప్పటికే వారంటీ కొని, క్లెయిమ్ తిప్పికొడితే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కానీ నోటి మాటలు అక్కడ నిలబడటం కష్టం, మెసేజ్‌లు, బిల్లులు దాచుకోండి.

తమ్ముడూ, ఇంకోటి. అది కర్ణాటక రిజిస్ట్రేషన్ బండి. గుంతకల్లుకు తెచ్చి ఇక్కడే ఉంచుకుంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబర్ మార్చాలి. ఆ ఖర్చు కూడా కలిపాక బండి నీకు ఇంకా చవగ్గానే అనిపిస్తే, వారంటీ వద్దు, ఆ నలభై వేలు తగ్గించండి అని బేరం మొదలుపెట్టు.